కొట్టు తెరిచే ముందు ఒక మాట విను తల్లీ

ఒంగోలు

చిట్టితల్లికి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, నువ్వు కావలిలో జవహర్ భారతి కాలేజీకి పోయే దారిలో రూము మాట్లాడుకున్నావనీ, జిరాక్స్, ప్రింటౌట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, లామినేషన్ అన్నీ పెట్టబోతున్నావనీ చెప్పింది. విన్నప్పట్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నా. మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల సొంత కొట్టు షట్టర్ ఎత్తబోతుందంటే నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "ప్రింటర్ ఆన్‌లైన్లో చూసి పెట్టుకుందక్కా, అన్నీ ఫోన్లోంచే చేసుకోవచ్చంట." అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్. ఆర్డర్ పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే పెట్టె వచ్చినా సీలు తీయకు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

అద్దె అగ్రిమెంటు కాగితం మీద రాయించుకో. ఇన్వర్టర్ లేకుండా మొదలుపెట్టకు. చిల్లర దగ్గర పెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే, నేను చెప్పాల్సిన పని లేదు.

చెప్పాల్సింది మెషీన్ల గురించి. ఈ మధ్య వచ్చే ప్రింటర్లు చాలా వరకూ ఊరికే పనిచేయవు. ముందు యాప్ దింపుకోమంటాయి, ఆ యాప్ ఖాతా తెరవమంటుంది, ఈమెయిల్ అడుగుతుంది, నెట్ ఉండాలంటుంది. కొన్నిటికి వెనకాల యూఎస్‌బీ కేబుల్ పెట్టే చోట స్టిక్కర్ అంటించి ఉంటుంది. అది చూసి ఇక్కడ కేబుల్ పెట్టకూడదు కాబోలు అనుకుని జనం యాప్ దారి పడతారు. ఆ స్టిక్కర్ పీకేసి మామూలు కేబుల్ పెడితే చాలావాటికి పని అయిపోతుంది. హెచ్‌పీ వాళ్ళు 2020లో హెచ్‌పీ ప్లస్ అని ఒకటి పెట్టారు. దానికి ఒప్పుకుంటే ప్రింటర్‌కి ఖాతా ఉండాలి, ఎప్పుడూ నెట్‌కి తగిలించి ఉండాలి, ఆ ప్రింటర్ బతికినన్నాళ్ళూ వాళ్ళ ఇంకే వాడాలి. అలాంటి వాటికి మోడల్ నంబరు చివర చిన్న ఇంగ్లీషు 'ఇ' ఉంటుంది. పెట్టె మీద ఆ అక్షరం చూసుకోవాలని అమ్మేవాడు నీకు చెప్పడు, నేను చెబుతున్నా.

అందుకే కొట్టుకెళ్ళి కొను. వైఫై ఆపించు, నీ ఫోన్లో డేటా ఆపు, కేబుల్ పెట్టించు. అప్పుడు ఒక పేజీ ప్రింట్ తీయించు, ఒక పేజీ స్కాన్ చేయించు, ఒకటి జిరాక్స్ తీయించు. మూడూ అయితే డబ్బులివ్వు. "ఇంటికెళ్ళి యాప్ వేసుకుంటే అయిపోద్ది మేడం" అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. నీకు అప్లికేషన్ల పనే ఎక్కువ కాబట్టి నలుపు తెలుపుకి మోనో లేజర్ తీసుకో. కలర్ ఫొటోలకి తర్వాత చూసుకుని ఇంక్ ట్యాంక్ కొనుక్కుందువు, సీసాతో ఇంక్ పోసుకునేది. రెండు పనులకీ ఒకటే మెషీన్ అని ఆశపడకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే మీ పెదనాన్న కొన్న ఆల్ ఇన్ వన్ సంగతి తెలియాలి. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

మన కలెక్టరేట్ దగ్గరి కొట్లో పాత లేజర్ చెడిపోతే, పెదనాన్న ఎవరో చెప్పారని కొత్త మెషీన్ తెప్పించారు. కంపెనీ పేరు వద్దులే. బిగించడానికి వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. యాప్ ఖాతా అడిగితే, పెదనాన్న కౌంటర్లో జనంతో ఉన్నారని తన ఫోన్లో తన ఈమెయిల్, తన నంబరు కొట్టేసి పని కానిచ్చాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. మెషీన్ బాగానే నడిచింది. పెదనాన్న కూడా "ఎవరి నంబరైతే ఏముందిలే" అన్నారు. అదే తప్పు. ఆయన కాగితాల విషయంలో ఎంత జాగ్రత్త మనిషో నీకు తెలుసు కదా, చెడిపోయిన జిరాక్స్ కాపీని కూడా చింపకుండా బుట్టలో వేయరు. మెషీన్ లోపలి సంగతి మాత్రం కాగితం లెక్కలోకి రాలేదు ఆయనకి.

తర్వాత కొట్లో నెట్ మార్చాం, ఫైబర్ పెట్టించాం. వైఫై పేరు మారింది. ప్రింటర్ మళ్ళీ మొదట్నుంచీ సెటప్ చేయమంది. యాప్ తెరిస్తే లాగిన్ కావాలంది, ఓటీపీ ఆ కుర్రాడి నంబరుకి పోయింది. ఆ నంబరు ఎప్పుడో తీసేశాడు, హైదరాబాద్‌లో ఎక్కడో చేరాడు. రీసెట్ కొట్టి చూశాం, అయినా ఈ మెషీన్ ఇంకొకరి ఖాతాలో ఉందనే చూపించింది. సరిగ్గా ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు. పిల్లలు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని సర్టిఫికెట్ల ఫైళ్ళు చంకలో పెట్టుకుని మెట్ల మీద దాకా నిలబడ్డారు. డబ్బు పోసి కొన్న మెషీన్ మా బల్ల మీదే ఉంది, దాని తాళం చెవి మాత్రం ఊళ్ళో లేని మనిషి జేబులో ఉన్నట్టయింది. అందర్నీ పక్క కొట్టుకి పంపించాం.

అదంతా ఒక ఎత్తు తల్లీ, అసలు భయం తర్వాత మొదలైంది. చుట్టాల ద్వారా ఆ కుర్రాడి ఆచూకీ దొరికింది. పాపం, పండక్కి ఊరొచ్చినప్పుడు కొట్టుకొచ్చి తన ఫోన్లో యాప్ తెరిచి చూపించాడు. మేము ఆ మెషీన్ మీద స్కాన్ చేసినవి వరసగా అందులో ఉన్నాయి. పట్టాదారు పాసు పుస్తకాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు. వేలితో పైకి జరుపుతుంటే ఒక ఆస్పత్రి రిపోర్టు వచ్చింది. చీమకుర్తి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయిది. ఇంట్లో వాళ్ళకి తెలియకూడదని నా చేతికే ఇచ్చి, నేనే స్కాన్ చేసి ఇవ్వాలని అడిగి, అయ్యేదాకా పక్కనే నిలబడింది. ఆమె పేరు, వయసు, డాక్టర్ రాసింది, అన్నీ అంత స్పష్టంగా ఆ పిల్లాడి ఫోన్లో ఉన్నాయి. వాడు చూసి ఉండడు, మంచివాడు, నా ఎదురుగానే అన్నీ తుడిచేసి ఖాతా కూడా తీసేశాడు. అయినా నాకు వారం రోజులు అన్నం సహించలేదు. వాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. కాకపోయి ఉంటే? పెదనాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. నువ్వు కూడా ఆయన దగ్గర ఎత్తకు.

మన కొట్టుకి వచ్చే కాగితాల్లో ఒక్కటీ మనది కాదు. అందుకే నాకు ఇంత పట్టుదల.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. కొత్త విండోస్ 11 సిస్టమ్ పెట్టగానే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. అది ఇచ్చాక వన్‌డ్రైవ్ బ్యాకప్ అన్నదానికి సరే అనేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు నెట్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి. నువ్వు స్కాన్ చేసి సేవ్ చేసేది అక్కడే కదా. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యువర్ ఇన్ఫో తెరిచి లోకల్ అకౌంట్‌కి మార్చుకో, వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపెయ్. స్కానింగ్‌కి కంపెనీ యాప్ వద్దు. నాప్స్2 అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఖాతా అడగదు, నెట్ లేకపోయినా నడుస్తుంది, పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసిస్తుంది. నేను ఇప్పుడు అదే వాడుతున్నా. డ్రైవర్, అంటే కంప్యూటర్‌కి ప్రింటర్‌ని పరిచయం చేసే ఫైలు, కావాలంటే కంపెనీ సైట్లో సపోర్ట్ పేజీకి వెళ్ళి యాప్ వదిలేసి ఉత్త డ్రైవర్ ఫైలు దించుకో.

వైఫైలో పెట్టక తప్పదనుకో, అప్పుడు ఎయిర్‌ప్రింట్, మోప్రియా అన్న గుర్తులున్న ప్రింటర్ చూడు. ఒకే వైఫైలో ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్న ప్రింట్ సర్వీస్‌తోనే, ఏ ఖాతా లేకుండా పేజీ వచ్చేస్తుంది. ప్రింటర్ ఐపీ నంబరు బ్రౌజర్లో కొడితే దాని సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది, అక్కడ వెబ్ సర్వీసెస్, క్లౌడ్ ప్రింట్ లాంటివి ఉంటే ఆపు. చాలా రూటర్లలో ఒక్క ప్రింటర్‌కి మాత్రం బయటి నెట్ తీసేసే వీలు కూడా ఉంటుంది, ఫైబర్ అబ్బాయి వచ్చినప్పుడు పక్కన కూర్చుని అది చేయించుకో.

ఇంట్లో మీ నాన్న పాత కంప్యూటర్ ఒకటి మూల పడి ఉంది కదా, పారేయకు. దాంట్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేయించు. ప్రింట్‌కీ స్కాన్‌కీ అదొక్కటి చాలు. మా కొట్టుకి వచ్చే ఒక ఇంజనీరింగ్ పిల్లాడు ఒక సంగతి చెప్పాడు, ఆశ్చర్యపోయాను. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ ల్యాబ్‌కి జెరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చిందట. పేపర్ ఇరుక్కుంటే అందరికీ కబురు పోయేలా దాని ప్రోగ్రాం మార్చుకుందామని రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన చూస్తే, ఆ ప్రోగ్రాం లోపలి కోడ్ ఇవ్వలేదట. ఆ కోపం మనసులో పెట్టుకున్న మనిషి 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, లోపలి కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి. ఇవాళ చాలా లైనక్స్ సిస్టమ్‌లలో ఆ గ్నూ ముక్కలు ఉంటాయి. పేపర్ ఇరుక్కున్నప్పుడు వచ్చే చిరాకు నాకంటే ఎవరికి బాగా తెలుసు! ఆయన మీద అప్పట్నుంచీ గౌరవం పెరిగింది. వేలిముద్రల మెషీన్‌కి మాత్రం విండోస్ సిస్టమే ఉంచుకో. ఆధార్ వేలిముద్రకి రిజిస్టర్ అయిన పరికరమే ఉండాలి, దానికి నెట్, సర్వీసు తప్పవు. అక్కడ వేరే దారి లేదు, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర నీ పేరు మీదే కొను.

మా రోజుల్లో తెలుగు టైపింగ్‌కి అను సాఫ్ట్‌వేర్ కొంటే డాంగిల్ అని చిన్న ముక్క ఇచ్చేవాళ్ళు, కంప్యూటర్ వెనకాల పెడితేనే ఫాంట్లు వచ్చేవి. ఎంత విసుక్కునేదాన్నో దాన్ని. పోతే మళ్ళీ కొనుక్కోవాలి కదా, రాత్రి ఇంటికి తెచ్చుకుని బీరువాలో పెట్టేదాన్ని. కానీ అది నా పేరు అడగలేదు, నేనేం టైపు చేశానో ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు నేర్చుకున్నావు కాబట్టి ఆ బాధ లేదు, అది విండోస్‌లోనే ఉంటుంది. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని కీబోర్డు మీద 'అమ్మ' కొట్టినదానివి. ఇప్పుడు నాకంటే వేగంగా కొడతావని మీ అమ్మ చెబుతుంటే వినడానికి బాగుంటుంది.

మౌస్, కీబోర్డు మామూలివి కొను. రంగు లైట్లు వద్దు. రేజర్ కంపెనీ మౌస్‌ల సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు ఖాతా లేనిదే తెరుచుకునేది కాదు. ఆ కంపెనీ దగ్గరున్న కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు 2020లో నెట్‌లో బయటపడి కనిపించాయి. మౌస్‌కి మన అడ్రస్ ఎందుకు చెప్పు?

కెమెరా పెట్టమని మీ నాన్న అంటాడు, పెట్టు, ఆడపిల్లవి ఒక్కదానివే ఉంటావు. కానీ ఫోన్ యాప్‌తో నడిచే వైఫై కెమెరా వద్దు. వైజ్ అనే కంపెనీ కెమెరాల్లో 2024 ఫిబ్రవరిలో సుమారు 13,000 మందికి వేరేవాళ్ళ కెమెరాల బొమ్మలు కనిపించాయి. హార్డ్ డిస్క్ ఉన్న డీవీఆర్, అంటే కెమెరా బొమ్మలు కొట్లోనే రికార్డు చేసే పెట్టె, పెట్టి, నెట్ వైరు తగిలించకుండా ఉంచు. కెమెరా వాకిలి వైపు, గల్లా పెట్టె వైపు ఉండాలి. స్కానర్ అద్దం మీద పడకూడదు, కాగితాలు చదవగలిగేంత దగ్గరగా ఉండకూడదు.

చెన్నై నుంచి రీకండిషన్డ్ జిరాక్స్ మెషీన్ తెప్పిద్దామనుకుంటున్నావట. మంచి ఆలోచనే, కొత్తది కొనే డబ్బు పెట్టకు. కానీ ఆ పెద్ద మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీలు అందులో మిగిలిపోవచ్చు. ఎవరి ఆఫీసు కాగితాలతో వస్తుందో తెలీదు. నీ ఎదురుగా డిస్క్ పూర్తిగా చెరిపించు. రేపు నువ్వు అమ్మేటప్పుడు కూడా అంతే.

జనం వాట్సాప్‌లో పంపిస్తారు, వద్దంటే వినరు. దానికి వేరే సిమ్ తీసుకో. నీ సొంత నంబరు బోర్డు మీద రాయించావంటే నేను కావలి వచ్చి నా చేతుల్తో చెరిపేస్తా. రాత్రి పదింటికి ఎవడెవడో ఫోన్ చేస్తాడు, అనుభవం మీద చెబుతున్నా. ఆ కొట్టు ఫోన్లో వాట్సాప్ మెసేజ్‌లు 24 గంటల్లో పోయేలా పెట్టు, ఫొటోలు గ్యాలరీలోకి రాకుండా ఆపు, గూగుల్ ఫొటోస్ బ్యాకప్ తీసెయ్. ఈ-ఆధార్ పీడీఎఫ్ దించి ప్రింట్ ఇస్తే వెంటనే డిలీట్ చెయ్, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ మనిషి తెలిసిన ఎవరికైనా అది తెలిసినట్టే. అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసివ్వు, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి అది ఉందని తెలీదు, నువ్వే చెప్పాలి.

కోప్పడ్డానని అనుకోకు. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను. వేళకి తిను, కొట్లో ఫ్యాను కింద కాకుండా పక్కగా కూర్చో, టోనర్ పొడి ముఖానికి కొట్టకుండా చూసుకో, నీకు అసలే దగ్గు.

నువ్వు చూసిన ప్రింటర్ కొటేషన్ రేపే నాకు పంపు. మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా పూర్తిగా రాయించు. నేను చూసి సరే అన్నాకే అడ్వాన్స్ ఇవ్వు. ఆదివారం పొద్దున బండికి వస్తా, ఇద్దరం కలిసి కొట్టుకెళ్ళి వైఫై ఆపించి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ