హీట్ పంప్ నుంచి గోరువెచ్చని గాలే వస్తోంది, మొత్తం యూనిట్ మార్చాల్సిందేనా?

తొందరపడి సంతకం మాత్రం పెట్టకండి. హీట్ పంప్ అంటే ఏసీ లాంటి మిషనే, చలికాలంలో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. వెంట్ల నుంచి వచ్చే గాలి వేడిగా లేదని, థర్మోస్టాట్ మీద ఎప్పుడు చూసినా ఆక్స్ హీట్ (హీట్ పంప్‌కు తోడుగా కరెంటు కాయిల్స్ ఇచ్చే వేడి) అని ఉంటోందని, బయటి యూనిట్ నుంచి పొగలు వస్తున్నాయని, కరెంటు బిల్లు రెట్టింపైందని రాశారు. వచ్చిన టెక్నీషియన్ పదేళ్లు దాటింది, మార్చేయండి అన్నాడన్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు చలికి వణుకుతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ దగ్గర. మూడేళ్ల కిందట డిసెంబర్‌లో మా ఇంట్లోనూ ఇదే గొడవ.

మీరు చెప్పినవాటిలో రెండు అసలు రిపేర్లే కాకపోవచ్చు. గ్యాస్ ఫర్నేస్ గాలి 120 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. హీట్ పంప్ గాలి మామూలుగా 85 నుంచి 100 లోపే. మన ఒంటి వేడే 98 కాబట్టి చెయ్యి పెడితే చల్లగానే తోస్తుంది. మా అమ్మ వెంట్ కింద చెయ్యి పెట్టి "ఇది ఏసీ గాలిరా, హీటర్ గాలి కాదు" అనేది. అందుకే చేత్తో కాకుండా వంటింటి థర్మామీటర్‌తో చూడండి. ఆక్స్ హీట్ పనిచేయని సమయంలో, లోపలికి గాలి పీల్చుకునే రిటర్న్ గ్రిల్ దగ్గర ఒకసారి, గాలి వచ్చే వెంట్ దగ్గర ఒకసారి. బయట 40ల్లో ఉన్నప్పుడు ఈ రెండిటికీ 15, 20 డిగ్రీల తేడా ఉంటే మిషన్ తన పని తాను చేస్తున్నట్టే. బయట చలి పెరిగేకొద్దీ ఆ తేడా కొంత తగ్గుతుంది.

ఇక పొగ. అది పొగ కాదు, ఆవిరి. చలికాలంలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి మిషన్ కొద్ది నిమిషాలు తిరగబడి ఏసీలా పనిచేస్తుంది. బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, ఉస్సుమని చప్పుడొస్తుంది, ఆవిరి లేస్తుంది. దీన్ని డీఫ్రాస్ట్ అంటారు. ఆ కాసేపు ఆక్స్ హీట్ వెలగడం కూడా మామూలే.

కానీ ఆక్స్ హీట్ రోజంతా ఉండటం, బిల్లు రెట్టింపవడం మాత్రం మామూలు కాదు. మాకు జరిగింది వింటే మీకు పనికొస్తుంది. ఇల్లు 70 డిగ్రీలకు వెచ్చగానే ఉండేది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బిల్లు చూశాకే గుండె ఝల్లుమంది. పిలిపించిన మనిషి కంప్రెసర్ పాతదైపోయిందని, మొత్తం మార్చాలని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. ఆ సాయంత్రం మా పక్క వీధిలో ఉండే అన్నయ్య ఒకాయన వచ్చి, హీట్ ఆన్ చేసి బయట యూనిట్ దగ్గర నిలబడమన్నారు. ఫ్యాన్ తిరగట్లేదు, కంప్రెసర్ చప్పుడే లేదు. అంటే అన్ని వారాలు మా ఇంటిని వేడి చేసింది హీట్ పంప్ కాదు, లోపలి యూనిట్‌లో ఉండే కరెంటు కాయిల్స్. 10 కిలోవాట్ల కాయిల్స్ గంట వెలిగితే 10 యూనిట్ల కరెంటు ఖర్చు. బయట మరీ చలి లేనప్పుడు అదే వేడిని హీట్ పంప్ మూడు, నాలుగు యూనిట్లతో ఇస్తుంది.

కారణం ఏమిటో తెలుసా? గడ్డి కోసే ట్రిమ్మర్ తగిలి, గోడ నుంచి బయటి యూనిట్‌కు వెళ్లే సన్నటి కంట్రోల్ కేబుల్ చీరుకుపోయింది. కంప్రెసర్‌ను ఆన్ చేసే పసుపు తీగ తెగింది. మర్నాడు వేరే టెక్నీషియన్ వచ్చి అరగంటలోపే దాన్ని కలిపేసి వెళ్లాడు. ఇంకో రోజు ఆగకపోయి ఉంటే వేల డాలర్లు పోయేవి. మీదీ ఇదేనని నేను అనను. కెపాసిటర్ (మోటార్‌ను స్టార్ట్ చేయించే చిన్న భాగం) పోయినా, కాంటాక్టర్ (కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్) పోయినా ఇలాగే జరుగుతుంది. కానీ ఇవేవీ యూనిట్ మార్చాల్సినంత రిపేర్లు కావు.

కాబట్టి మీరూ బయట నిలబడి చూడండి. ఫ్యాన్ తిరుగుతోందా, కంప్రెసర్ చప్పుడు వస్తోందా, స్పాంజ్ తొడుగున్న లావు రాగి గొట్టం వేడిగా ఉందా? అది బాగా కాలుతుంది, జాగ్రత్త. మూత మాత్రం విప్పవద్దు. లోపల 240 వోల్టులుంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

యూనిట్ తిరుగుతూనే ఉండి, మొత్తం మంచు గడ్డలో కూరుకుపోయి ఉంటే అది వేరే సంగతి. సన్నటి తెల్లని పొర పరవాలేదు. గడ్డ కట్టేసిందంటే డీఫ్రాస్ట్ బోర్డో సెన్సరో పాడై ఉండాలి, లేదా లోపల తిరిగే గ్యాస్ (రిఫ్రిజరెంట్, ఏసీలో ఉండేలాంటిదే) తగ్గి ఉండాలి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, కాయిల్‌కు చిల్లు పడుతుంది. థర్మోస్టాట్‌ను ఎమర్జెన్సీ హీట్‌కు (హీట్ పంప్‌ను ఆపి కరెంటు కాయిల్స్‌తోనే వేడి చేసే సెట్టింగ్) మార్చి టెక్నీషియన్‌ను పిలవండి. ఆ బటన్ ఉన్నది ఇలాంటప్పటి కోసమే, చలి ఎక్కువైనప్పుడు వాడటానికి కాదు.

గ్యాస్ తగ్గిందని చెబితే లీక్ ఎక్కడుందని అడగండి. పెట్రోల్‌లా అది వాడితే అయిపోయేది కాదు. పాత యూనిట్లలో ఉండే ఆర్-410ఏ గ్యాస్ ఆపేశారు కాబట్టి మార్చక తప్పదని ఎవరైనా అంటే నమ్మకండి. 2025 నుంచి అమెరికాలో కొత్త ఇంటి యూనిట్లు దానితో తయారు చేయకూడదు, అంతే. పాతవాటికి రిపేరు చేయవచ్చు, గ్యాసూ నింపవచ్చు.

ఈ మధ్య స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించుకున్నారా? అందులో ఓ/బి సెట్టింగ్ (మిషన్‌ను హీట్, కూల్ మధ్య మార్చే వాల్వ్‌ది) తప్పుగా ఉంటే హీట్ అడిగినప్పుడు కూల్ వస్తుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో కూడా తీసి చూడండి. రాత్రి 62కి తగ్గించి పొద్దున ఒక్కసారిగా 70కి పెంచే అలవాటుంటే మానేయండి, ఆ ఎక్కే వేడిలో చాలా భాగం ఆక్స్ మీదే పడుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఒకే నంబర్ మీద వదిలేయడమే మేలు.

ఈ రాత్రికి వాళ్ల గదిలో స్పేస్ హీటర్ పెడుతుంటే నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. దుప్పట్లకు, కర్టెన్లకు మూడడుగుల దూరంలో ఉంచండి. రేపు ఆ రెండు థర్మామీటర్ రీడింగులు, బయట ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.