మూడింతలైన బొమ్మ కారు

ప్రశ్న: పన్నెండేళ్ల క్రితం 1:18 స్కేలులో (అసలు కారులో పద్దెనిమిదో వంతు) బీఎండబ్ల్యూ ఎం5 నమూనా కారు కొన్నాను. ఈ39 (E39) తరం, ముదురు నీలం రంగు, డైకాస్ట్ (అచ్చులో పోసిన లోహపు బొమ్మ). పెట్టె కూడా ఉంది, దుమ్ము పడకుండా గాజు పెట్టె ఒకటి కొన్నాను. ఈమధ్య ఆన్‌లైన్‌లో చూస్తే అదే కారుకి నేను పెట్టినదానికి మూడింతలు చెబుతున్నారు, స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. నెలనెలా వేస్తున్న ఫండ్ కూడా ఇంత పెరగలేదు. ఐదేళ్లలో మా అమ్మాయి కాలేజీలో చేరుతుంది. ఆ చదువుకని దాచినదాంట్లోంచి కొంత తీసి ఇలాంటివే మరో ఆరు కొందామని ఉంది. కొనవచ్చా? నా దగ్గరున్నదాని అసలు విలువ ఎలా తెలుస్తుంది? అదే రోజుల్లో ఇంకో తొమ్మిది కార్లు కూడా కొన్నాను.

జవాబు: మీ రెండో ప్రశ్న ముందు చూద్దాం. అది తేలితే మొదటిదానికి నేను పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

"మూడింతలు చెబుతున్నారు" అని మీరే రాశారు. చెప్పడం వేరు, ఆ ధరకు ఎవరైనా కొనడం వేరు. మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో మూడింతల ధర పెట్టిన కారు నెలల తరబడి అలాగే ఉంది. నిజంగా అమ్ముడైనవి రెండు. వాటి ధర మీరు కొన్నదానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఏ సైటులోనైనా అమ్ముడైనవాటిని విడిగా చూసే వీలుంటే అవే చూడండి, మిగతావి అమ్మేవాళ్ల ఆశలు.

మీరు 100 పెట్టి కొన్నారనుకుందాం. చెబుతున్న ధర 300. పన్నెండేళ్లకు మూడింతలంటే ఏడాదికి 9.6 శాతం చొప్పున చక్రవడ్డీ. మీ కళ్లకు కనిపిస్తున్నది ఇదే. ఇప్పుడు అమ్ముడైన ధర 210 తీసుకోండి. సైటు కమీషను, ప్యాకింగు, పంపే ఖర్చు కలిపి 15 శాతం పోతుందనుకుంటే చేతికి 178 పైచిలుకు వస్తుంది. రాబడి ఏడాదికి 5 శాతం లోపుకి దిగింది. దుమ్ము పడకుండా గాజు పెట్టె కొన్నారు కదా, దానికో 20 వేసుకుంటే 3.4 శాతం దగ్గర ఆగుతుంది. కారు అదే, కాలమూ అదే. మారింది లెక్క వేసిన తీరు ఒక్కటే. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న మాట ఇలాంటి వస్తువులకి సరిగ్గా అతుకుతుంది.

ఆ 210 కూడా మంచి స్థితిలో ఉన్న కారుకి పలికిన ధర. మీది ఆ స్థితిలో ఉందో లేదో తెలియాలంటే అద్దాల పెట్టెలోంచి బయటకి తీయాలి.

ముందు స్కేలు. ఆ తరం ఎం5 అసలు కారు పొడవు సుమారు 4.78 మీటర్లు. 18తో భాగిస్తే 26 సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లు. దానికి 18 అంగుళాల చక్రాలు, కాబట్టి నమూనాలో రిమ్ము ఒక అంగుళం చిల్లర ఉండాలి. కొలబద్ద పెట్టి కొలవడానికి రెండు నిమిషాలు పట్టదు. తర్వాత ఏ సంవత్సరపు కారో చూడండి. ఈ ఎం5 1998 నుంచి 2003 దాకా వచ్చింది. హెడ్‌లైట్లలో వెలిగే గుండ్రటి వలయాలు 2000లో చేసిన మార్పులతోనే వచ్చాయి. పెట్టె మీద 1999 అని ఉండి, దీపాల్లో వలయాలు ఉన్నాయంటే తయారీదారు పొరబడ్డాడన్నమాట. వెనక రెండు పక్కలా రెండేసి చొప్పున నాలుగు సైలెన్సర్ గొట్టాలుండాలి. తెలిసిన సేకర్తలు ఇలాంటివి మొదటి చూపులోనే పట్టేస్తారు, బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

అసలు భయపడాల్సింది లోహం గురించి. డైకాస్ట్ కార్ల శరీరం జామాక్ అనే మిశ్రమలోహంతో పోస్తారు. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిసినది. పోసేటప్పుడు అందులో సీసం వంటి మాలిన్యం రవ్వంత ఎక్కువైనా, ఏళ్లు గడిచాక లోహం లోపలి నుంచే తినుకుపోతూ ఉబ్బి పగులుతుంది. సేకర్తలు దీన్ని జింక్ పెస్ట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన డింకీ అనే బ్రిటిష్ కంపెనీ బొమ్మ కార్లు ఎన్నో ఇలాగే పొడి రాలిపోయాయి. తేమ దాన్ని తొందరపెడుతుంది. ఒకసారి మొదలైతే బాగుచేసే మార్గం లేదు. కారుని వెలుతురులో పట్టుకుని తలుపుల అంచులు, పైకప్పుని మోసే స్తంభాలు, అడుగుభాగం చూడండి. వెంట్రుకవాసి గీతలున్నాయా, ఒకప్పుడు సాఫీగా మూసుకున్న తలుపు ఇప్పుడు ఇరుక్కుంటోందా, చాసిస్ (అడుగు చట్రం) వంగినట్టుందా? రంగు మీద చిన్న చిన్న పొక్కులుంటే కంగారు పడకండి, అవి చాలాసార్లు పెయింటు లోపమే. ధర మాత్రం వాటివల్లా తగ్గుతుంది.

తలుపులు, బోనెట్, డిక్కీ తెరుచుకుంటాయంటే కీళ్లు వదులవలేదని చూసుకోవాలి. తెరుచుకోని కార్లలో చాలా రెసిన్‌వి, అంటే అచ్చులో పోసి గట్టిపరిచిన ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి. వాటికి పెస్ట్ బెడద లేదు కానీ, పలచని రెసిన్ వేడికి వంగుతుంది. ఓటోమొబైల్ (OttOmobile) అనే నమూనా కార్ల కంపెనీ వంటి తయారీదారులు ఆ దారిలోనే చేస్తారు. ఆటోఆర్ట్ అనే మరో కంపెనీ కొన్నేళ్లుగా శరీరానికి లోహం బదులు కంపోజిట్ (ప్లాస్టిక్ కలిసిన మిశ్రమ పదార్థం) వాడుతోంది. చేతిలో బరువు లేదని కొందరు పెదవి విరుస్తారు. విరుపు సంగతి ఎలా ఉన్నా, కొనేవాళ్ల మనసులో ఉన్నది ధరలో కనిపిస్తుంది.

పెట్టె ఉందన్నారు, సంతోషం. లోపలి థర్మోకోల్ విరగకుండా ఉందా? అద్దాలు, యాంటెనా వంటి విడిభాగాల పొట్లం ఉందా? అవి లేని పెట్టె సగం పెట్టే. ఇక "పరిమిత ఎడిషన్" అన్న మాటకు నేను అంత విలువివ్వను. మినీచాంప్స్ అనే కంపెనీ పెట్టెల మీద 504, 1,008 లాంటి సంఖ్యలు చూసే ఉంటారు. ఆ సంఖ్య సాధారణంగా ఆ రంగుకి, ఆ విడుదలకి మాత్రమే. అచ్చు తయారీదారు దగ్గరే ఉంటుంది, వచ్చే ఏడాది అదే కారుని మరో రంగులో పోయొచ్చు. మరో కంపెనీ అంతకంటే మంచి అచ్చు తెచ్చినా చాలు, పాతది అరుదైనదే అయినా అడిగేవాళ్లు తగ్గిపోతారు. మీ ఒక్క కారు ధర పెరిగిందంటే ఇన్నేళ్లూ అలా జరగలేదనే అర్థం. ఇకమీదట కూడా జరగదని ఎవరూ రాసివ్వలేదు.

ఇంకో సంగతి. మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది: అదే రోజుల్లో ఇంకో తొమ్మిది కార్లు కొన్నానని. వాటి ధరల గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. పదింటినీ కలిపి పైన చెప్పిన పద్ధతిలోనే లెక్క వేయండి. ఫండ్‌తో పోల్చాల్సింది ఆ మొత్తాన్ని, గెలిచిన ఒక్కదాన్ని కాదు.

ఇక అమ్మాయి చదువు డబ్బు. కొనవద్దు. కార్లు చెడ్డవని కాదు. ఫీజు కట్టే తేదీ ఖాయం, మీ కారు కొనే మనిషి ఎప్పుడొస్తాడో ఖాయం కాదు. ఫండు యూనిట్లు కావలసినన్నే తీసి అమ్ముకోవచ్చు, కారు డిక్కీ ఒక్కటీ అమ్మలేరు కదా. ఆరు కార్లని నెల రోజుల్లో డబ్బు చేయాల్సివస్తే ధర కొనేవాడు చెప్పిందే. ఐదేళ్లే ఉంది కాబట్టి ఆ నిధిలో ఒడుదొడుకులున్న భాగాన్ని కూడా ఏటా కొంచెం కొంచెం స్థిరమైన డిపాజిట్ల వైపు జరపాలి. అలా తగ్గించుకోవాల్సిన సమయంలో కొత్త తలనొప్పి చేర్చుకుంటామంటే నేను ఒప్పుకోను.

మీకు కార్లంటే ఇష్టమని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అందుకని సరదా ఖర్చుల కింద నెలకింత అని విడిగా పెట్టుకోండి, అది కూడినప్పుడు ఒకటి కొనుక్కోండి. మీ ఆస్తుల పట్టికలో ఈ కార్లకి ఒక వరస ఉండవచ్చు. అందులో రాయాల్సింది మాత్రం ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఏ లక్ష్యానికీ ముడిపెట్టకుండా. బిల్లులు, నాలుగు వైపుల ఫొటోలు ఒకచోట ఉంచండి. ఇంటి బీమాలో ఇలాంటి సేకరణ వస్తువులకి పరిమితి ఎంతో అడిగి తెలుసుకోండి. ఏది దేనిలో ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.

చివరగా, నా దగ్గర జరిగిన ఒక చిన్న నష్టం. ఓ సెడాన్ నమూనాని స్టాండు మీదే స్క్రూలతో బిగించి ఏళ్లపాటు వదిలేశాను. టైర్లలోని ప్లాస్టిసైజర్ (టైరుని మెత్తగా ఉంచే పదార్థం) బయటికి కారి, కింద ఉన్న ప్లాస్టిక్‌ని కరిగించేసింది. తీసేసరికి టైరు అచ్చు స్టాండులో, స్టాండు ముక్క టైరుకి. ఈ ఆదివారం మీ ఎం5 స్క్రూలు విప్పి టైర్ల కింద ఏముందో చూడండి. ఏమీ అంటుకోకపోతే, మళ్లీ బిగించే ముందు చాసిస్ కింద చిన్న దిమ్మలు పెట్టి చక్రాలు గాలిలో ఉండేలా చేయండి.