టీమ్ బాధ్యత తీసుకున్న మాధవికి

చి. మాధవికి ఆశీస్సులు.

నలుగురి మీద అజమాయిషీ వచ్చిందన్నావు, సంతోషం. షిఫ్టులు, సెలవుల లెక్కలు వాటంతటవే పట్టుబడతాయి. వేధింపుల సంగతి అలా కాదు. హెచ్చార్ చూసుకుంటుందని సూపర్‌వైజర్, సూపర్‌వైజర్ చెబుతాడని హెచ్చార్, మనకెందుకులే అని పక్క సీటువాళ్లు ఊరుకుంటారు. ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అందుకే ఎవరి వంతు ఏమిటో ముందే రాయించు. నియమాలు పెట్టడం యాజమాన్యం పని. కానీ వాటిని ఉద్యోగులతో మాట్లాడకుండా రాస్తే గోడకే పరిమితమవుతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం ప్రకారం ఒక్కసారి జరిగినా వేధింపు కావచ్చు. ట్రైనీలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్లు, పనిమీద చేసే ప్రయాణాలు, ఫోన్ మెసేజ్‌లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. మీ నియమాల్లో ఇవున్నాయో లేదో చూడు. ఫిర్యాదుకు కనీసం రెండు దారులుండాలి, రెండూ ఒకే అధికారి దగ్గర తేలకూడదు. ఆ అధికారి మీదే ఫిర్యాదైతే?

ఇక నీ వంతు. ఎవరైనా వచ్చి చెప్పుకున్నప్పుడు మొదటి పావుగంటలోనే సగం కేసులు చెడతాయని నా అభిప్రాయం. "వాడి స్వభావమే అంత", "నువ్వేమన్నావు ముందు?" అనే మాటలు నోట రానివ్వకు. ఎవరికీ చెప్పనని మాటివ్వకు, నిలబెట్టుకోలేవు. తెలియాల్సినవాళ్లకే తెలుస్తుందని చెప్పు. తేదీ, వేళ, చోటు, అన్న మాటలు అన్నట్టుగా, అక్కడున్నవాళ్లు - ఇవన్నీ ఆ రోజే రాసుకో. మెసేజ్‌లు చెరపొద్దని చెప్పు. నువ్వే విచారణ మొదలుపెట్టకు, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ అసలే చేయకు. బలం తక్కువున్నవాళ్లు అక్కడ ఒప్పేసుకుంటారు, అది రాజీ కాదు. విడదీయాల్సి వస్తే ఫిర్యాదు చేసినవాళ్లను వాళ్లు కోరితే తప్ప కదపొద్దు.

చూసినవాళ్లకూ పని ఉంది. ఎదురు తిరగక్కర్లేదు. "ఒకసారి ఇటు రా, ఈ ఫైల్ చూడాలి" అని బాధితురాలిని అక్కడినుంచి తప్పిస్తే చాలు. తర్వాత ఏకాంతంగా "ఏం చేయమంటావు?" అని అడగాలి.

దాడి భయమున్న చోట మాటలకన్నా గది అమరిక ముఖ్యం. బయటివాళ్లతో మాట్లాడే ఉద్యోగి కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి, మధ్యలో ఎదుటివారు ఉండకూడదు. రాత్రి ఒంటరి డ్యూటీ వీలైతే తీసేయించు. కుదరకపోతే గంటకోసారి ఫోన్ ఏర్పాటు చేయి, ఫోన్ రాకపోతే ఎవరు వెళ్లాలో కూడా రాయించు. ఈ రెండోది అందరూ మరచిపోతారు. ప్రాణానికి ముప్పనిపిస్తే పని వదిలి బయటపడొచ్చని, అందుకు శిక్ష ఉండదని అందరికీ తెలియాలి.

ఫిర్యాదు ముగిశాక నెలకోసారి, కనీసం ఆరు నెలలు, ఫిర్యాదు చేసిన మనిషి షిఫ్టులు, సెలవులు, అప్రైజల్ తిరగేయి. కక్ష సాధింపు ఎక్కువగా ఆ కాగితాల్లోనే బయటపడుతుంది.

మీ బాబాయి