మీ సందేహాలు: పుట్టిన తేదీల పేచీ, వికీపీడియా తీర్పు

ప్రశ్న: దివంగతులైన ఒక రచయిత 1921లో పుట్టారని ఆరు వెబ్‌సైట్లు రాస్తున్నాయి. ఆయన బతికుండగా వచ్చిన ఒక కథా సంకలనంలో మాత్రం 1919 అని ఉంది. వికీపీడియా వ్యాసంలో ఎక్కువ చోట్ల ఉన్నదే ఉంచాలా?

జవాబు: ఆరు చోట్ల ఉన్నంత మాత్రాన ఆరు సాక్ష్యాలు కావు. అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవేమో ముందు తేల్చుకోవాలి. వ్యాసం పైనుండే ‘చరిత్ర’ తెరిచి, 1921 అన్న అంకె మొదటిసారి ఏ దిద్దుబాటులో చేరిందో పట్టుకోండి. కూర్పులు (ఒక్కో దిద్దుబాటు తర్వాత వ్యాసం ఉన్న రూపాలు) వందల్లో ఉంటే సరిగ్గా మధ్యది తెరవండి. అంకె అందులో ఉంటే అంతకు ముందు సగంలో వెతకాలి, లేకపోతే తర్వాతి సగంలో. ఇలా సగానికి సగం చేసుకుంటూ పోతే వెయ్యి కూర్పులున్నా పది సార్లలో దొరుకుతుంది. ఆ తర్వాత ఆరు వెబ్ పేజీలూ ఎప్పటివో చూడండి. తేదీ వేయని పేజీకి, పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో మొట్టమొదటి ప్రతి ఎప్పటిదో కొంత ఆధారం. అన్నీ వికీలో అంకె చేరాక వచ్చినవే అయి, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పకపోతే, వాటిని మూలాలుగా ఇవ్వడమంటే వికీకి వికీనే సాక్ష్యం పెట్టడం.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2009లో కార్ల్ థియోడోర్ త్సు గుటెన్‌బెర్గ్ జర్మనీ ఆర్థిక వ్యవహారాలు, సాంకేతిక శాఖల మంత్రి అవుతున్న సమయంలో, అసలే చాంతాడంత ఉన్న ఆయన పేరులో ‘విల్‌హెల్మ్’ అనే లేని పేరొకటి ఎవరో అజ్ఞాత వాడుకరి జర్మన్ వికీపీడియాలో ఇరికించారు. పేరున్న పత్రికలే దాన్ని అలాగే అచ్చేశాయి. అనుమానం వచ్చి అడిగితే, ఆ పత్రికల్లో వచ్చిందే మళ్లీ వికీలో రుజువై కూర్చుంది.

అలాగని పాత పుస్తకం చెప్పిందే నిజమని తీర్మానించకండి. సంకలనంలోని పరిచయం రచయిత స్వయంగా చెప్పగా రాసినదై ఉండొచ్చు. తమ పుట్టిన తేదీని తామే తప్పు చెప్పుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. అమెరికా జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని చెప్పుకునేవాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1980లలో బయటపడిన బాప్తిస్మ దస్తావేజులో ఉన్నది 1901 ఆగస్టు 4. ఇప్పుడు అందరూ రాసేది అదే. పోలండు సంగీతకర్త షోపాన్ విషయంలో దీనికి తలకిందులు. బాప్తిస్మ పత్రంలో 1810 ఫిబ్రవరి 22 అని ఉన్నా, ఆయనా కుటుంబమూ మార్చి 1 అనేవారు. ఎక్కువమంది మార్చి 1నే అంగీకరించారు. దస్తావేజుకూ మాటకూ పడనప్పుడు, రెండింటినీ పరిశీలించి రాసిన జీవితచరిత్రకారులు దేన్ని, ఎందుకు తీసుకున్నారో చూడడమే దారి.

అలాంటి జీవితచరిత్రే లేదనుకోండి. అప్పుడు వ్యాసం మొదటి వాక్యంలో, పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో ‘1919 లేదా 1921’ అని రాసి, దేని మూలం దానికి ఇచ్చి, ఏది ఎవరు చెప్పారో పాదసూచికలో ఒక్క వాక్యంలో చెప్పండి. రాజీ కోసం 1920 అని మాత్రం వేయకండి, అలా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. వయసు తనంతట తానే లెక్కగట్టే మూస (టెంప్లేట్) కూడా ఇక్కడ పనికిరాదు, అది ఒకే తేదీని పట్టుకుని వయసు ఖాయం చేసేస్తుంది. అన్ని భాషల వికీలకూ ఉమ్మడి సమాచార భాండారమైన వికీడేటా సంగతీ చూడాలి, చాలా భాషల సమాచారపెట్టెలు తేదీని అక్కణ్ణుంచే లాక్కుంటాయి. రెండు విలువలూ మూలాలతో ఉంచండి. తప్పని రుజువైనదాన్ని తీసేయకుండా దాని ర్యాంకు తగ్గించి, కారణం రాయండి. తీసేస్తే రేపు ఇంకెవరో, లేదా ఏదో బాటు (తనంతట తానే దిద్దే ప్రోగ్రాం), మళ్లీ తెచ్చి పెడుతుంది.

ప్రశ్న: మా తాతగారి మరణ ధ్రువపత్రం నా దగ్గరుంది. స్కాన్ చేసి ఎక్కిస్తే వ్యాసంలో తప్పు తేదీని దిద్దరా?

జవాబు: కాగితం అసలైనదే కావచ్చు. కానీ అందులోని మనిషీ వ్యాసంలోని మనిషీ ఒకరేనని మీ మాట మీదే నమ్మాలి, చదివేవాళ్లకు సరిచూసుకునే దారి లేదు. అచ్చుకాని కాగితాల నుంచి నిర్ణయం తీయడాన్ని వికీ సొంత పరిశోధన కింద లెక్కిస్తుంది, దాన్ని ఒప్పుకోదు. పైగా మీరు బంధువులు. వ్యాసాన్ని నేరుగా దిద్దకుండా చర్చ పేజీలో బంధుత్వం చెప్పి మార్పు అడగండి. ఆ లోగా తప్పు తేదీకి మూలంగా చూపిన పత్రికకో ప్రచురణకర్తకో కాగితం నకలు పంపి సవరణ వేయించండి. అది వెలువడ్డ రోజున మీ పని సగం అయినట్టే. ఒకవేళ తప్పు తేదీకి మూలమే లేకపోతే ఇంత శ్రమ అక్కర్లేదు, మూలం లేదని చూపి తీసేయమని అడిగితే చాలు.

ప్రశ్న: ఒక గాయని పుట్టిన తేదీని ప్రభుత్వ కంపెనీ రిజిస్ట్రేషన్ రికార్డులో చూసి చేర్చాను. వెంటనే తీసేశారు. అది ప్రభుత్వ పత్రం కదా?

జవాబు: జీవించి ఉన్నవారి విషయంలో నియమం బాగా బిగువు. కోర్టు కాగితాలు, రిజిస్ట్రేషన్ల వంటి పత్రాల నుంచి వ్యక్తిగత వివరాలు తవ్వి పెట్టకూడదు. నమ్మదగిన ప్రచురణల్లో విరివిగా వచ్చిన తేదీ గానీ, ఆమే బయటపెట్టిన తేదీ గానీ ఉండాలి. ఆమె సొంత ఖాతాలో పెట్టిన పుట్టినరోజు పోస్టు, అనుమానించే కారణం లేనంతవరకు, చెల్లుతుంది. పూర్తి తేదీ వద్దని ఆమె అభ్యంతరం చెబితే సంవత్సరంతో సరిపెడతారు. మీ తేదీ నిజం కావచ్చు, అయినా అక్కడ ఉండదు.

ప్రశ్న: నేను దిద్దుతాను, అవతలివారు వెనక్కి తిప్పుతారు. ఎన్నాళ్లిలా?

జవాబు: ఒక్కసారి తిప్పారంటే చాలు, చర్చ పేజీకి వెళ్లండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే మీరు దిద్దకుండా నిరోధం పడవచ్చు. మీదే నిజమన్నది సాకు కాదు. చర్చలో వాదన కంటే మూలాల వరస పెట్టండి: ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య, అందులో ఉన్న వాక్యం యథాతథంగా. ఎదుటివారి ఉద్దేశాల గురించి ఒక్క మాట రాసినా చర్చ తేదీ మీంచి మీ మీదికి మళ్లుతుంది. తగువు ఇద్దరి మధ్యే అయితే మూడో అభిప్రాయం అడగవచ్చు. ఎక్కువమంది ఉంటే బహిరంగంగా అభిప్రాయాలు కోరవచ్చు, అది మామూలుగా 30 రోజులు నడుస్తుంది. తెలుగు వికీలో అయితే రచ్చబండ అనే ఉమ్మడి చర్చా పేజీలో రాస్తే నలుగురి కంటా పడుతుంది. చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు, మూలాల బలాన్ని బట్టి ఏకాభిప్రాయం తేలుస్తారు. మధ్యలో నిర్వాహకులు పేజీకి తాళం వేస్తే, ఆ క్షణాన ఉన్న కూర్పే ఉండిపోతుంది. నిర్వాహకులు ఎప్పుడూ ‘తప్పు కూర్పు’నే కాపాడతారని వికీలో పాత పరాచికం.

ప్రశ్న: న్యూటన్ పుట్టింది 1642లోనా, 1643లోనా?

జవాబు: రెండూ ఒకే రోజు. అప్పుడు ఇంగ్లండు జూలియన్ క్యాలెండరులో ఉంది, దాని ప్రకారం 1642 డిసెంబరు 25. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌లో 1643 జనవరి 4. రెండు మూలాల మధ్య తేడా సరిగ్గా 10, 11, 12 లేదా 13 రోజులుంటే ముందు క్యాలెండరును అనుమానించండి. ఈ తేడా 1700 దాకా 10, ఆ శతాబ్దమంతా 11, పంతొమ్మిదో శతాబ్దంలో 12, ఇరవయ్యో శతాబ్దంలో 13. ఒకసారి మార్చిన తేదీని పొరపాటున మళ్లీ మార్చేవాళ్లూ ఉంటారు కాబట్టి, మూలం ఏ క్యాలెండరులో ఇచ్చిందో పాదసూచికలో రాసిపెట్టండి.