ఒక్క పేరు పట్టుకుని వెళ్లు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

బెల్జియంలోని లూవెన్‌లో చదువుకుంటూ, సెలవుల్లో ఆ దేశంలోనే ఉన్న ఈప్ర్ ఊరి చుట్టూ మొదటి ప్రపంచయుద్ధపు యుద్ధక్షేత్రాలు చూసి వ్యాసం రాస్తానన్నావు. చాలా సంతోషం. ఇలాంటి వ్యాసాలు ఎక్కువగా ఒకేచోట చెడతాయి. వేల తెల్లరాళ్లు చూడగానే కళ్లు చెమర్చాయని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోతాయి. వేల రాళ్ల గురించి ఎవరూ రాయలేరు. నువ్వు ఒక్క పేరు పట్టుకో.

ఆ పేరు బయలుదేరకముందే నీ దగ్గర ఉండాలి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో సైనికుడి పేరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ ఇచ్చి వెతికితే ఏ స్మారకమో, ఏ పలకో చెబుతుంది. పలక నంబరు రాసుకోకుండా ఈప్ర్‌లోని మెనిన్ గేట్ స్మారకానికి వెళ్లావంటే పూటంతా వెతుకులాటకే సరిపోతుంది. సమాధి ఎక్కడో తెలియని 54,000 మందికి పైగా పేర్లున్న కట్టడం అది. వాటిని ముందు రెజిమెంటు, తర్వాత హోదా, ఆపైనే అక్షరక్రమం ప్రకారం చెక్కారు. తేదీ కూడా చూసుకో. బ్రిటన్ సైనికుల్లో 1917 ఆగస్టు 15 దాకా గల్లంతైనవాళ్ల పేర్లు ఇక్కడ, ఆ తర్వాతివాళ్లవి దగ్గర్లోని టైన్ కాట్ సమాధిస్థలం గోడ మీద ఉంటాయి. బ్రిటన్ తరఫున పోరాడిన మన సిపాయిల పేర్లు కొన్ని మెనిన్ గేట్ మీద ఉన్నా, ఎక్కువ భాగం సరిహద్దు దాటాక ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్ స్మారకం మీద ఉన్నాయి, 4,700కు పైగా. అటు వెళ్తే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు వెంట ఉంచుకో.

రాతి మీది అక్షరాలు ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఎదురుగా కొట్టకు, లోతు పోయి ఏమీ చదవలేవు. టార్చిని పక్కనుంచి వాలుగా పట్టుకుంటే ప్రతి గీతకూ నీడ పడి, అరిగిన అక్షరం కూడా తేలుతుంది. సుద్దగానీ పిండిగానీ రుద్దడం మాత్రం వద్దు, రాయి పాడవుతుంది.

ఇక నేల. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు ఈప్ర్ దగ్గర క్లోరిన్ వాయువు వదిలారు. నాలుగు రోజులకు, 26న, మన లాహోర్ డివిజన్‌ను ఊరికి ఉత్తరాన ఉన్న మౌజర్ మెరక మీదికి పంపారు. జమేదార్ మీర్ దస్త్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది ఆనాటి పోరులోనే. ఆ దారిని కారులో చూస్తే చదునైన పొలాలే కనిపిస్తాయి. నడిచి వెళ్లు, లేదా సైకిలు మీద వెళ్లు. వాలు ఎక్కడ మొదలైందో కాళ్లకు తెలుస్తుంది. పైన ఉన్నవాడికి కింద కదిలే ప్రతి మనిషీ ఎలా కనిపిస్తాడో, దాక్కోవడానికి ఎంత చోటుందో అక్కడే నిలబడి రాసుకో. ఇది ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఉంచుకో.

దారి పక్కన తుప్పుపట్టిన ఫిరంగి గుండు కనిపిస్తే ముట్టుకోకు. దున్నేటప్పుడు ఇప్పటికీ బయటపడుతుంటాయి. రైతులు వాటిని గట్టున పెడితే సైన్యం వచ్చి తీసుకెళ్తుంది. కొన్నిట్లో విషవాయువు ఇంకా ఉంటుంది.

రాత్రి 8 గంటలకు మెనిన్ గేట్ కింద చనిపోయినవాళ్లకు నివాళిగా బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతారు. అరగంట ముందే చేరుకో, చప్పట్లు కొట్టకు. వెనక్కి వచ్చే రైలు వేళ ముందే చూసుకో. టైంటేబుల్‌లో ఆ ఊరి పేరు ఈపర్ అని ఉంటుంది.

తిరిగొచ్చాక రెజిమెంటు యుద్ధ దినచర్యలు, అంటే రోజువారీ రాసిన వార్ డైరీలు, చదువు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరసలో ఉంటాయి. వాటిలో చనిపోయిన బ్రిటిష్ అధికారుల పేర్లు సాధారణంగా కనిపిస్తాయి, సిపాయిలకు చాలాచోట్ల అంకెలే మిగిలాయి. ఆ ఖాళీని ఊహతో పూడ్చకు. ఖాళీ ఉందని రాయి. సిపాయిల ఉత్తరాల విషయంలోనూ జాగ్రత్త. చదువురానివాళ్లు చెబితే ఇంకొకరు రాశారు, సెన్సారు అధికారులు చదివారు, ఇప్పుడు మనకు దొరికేవి చాలావరకు వాళ్లు ఇంగ్లీషులో దించుకున్న ముక్కలు. సెన్సారుకు దొరక్కుండా భారతీయుల్ని నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లని ఎర్ర మిరపకాయలనీ రాసినవాళ్లున్నారు. కాబట్టి ఉత్తరంలో ఉన్నదే సిపాయి మనసులో ఉన్నదంతా అనుకోకు.

మొదటి ప్రతి పంపేటప్పుడు ఆ పలక ఫొటో, దినచర్యలో ఆ రోజు పేజీ కూడా జతచెయ్యి. రెండూ పక్కన పెట్టుకునే చదువుతాను.