ఆ పిలుపుకు పలకకండి

కావలి నుంచి ఒక సోదరి ఉత్తరం: మాకు పెళ్లయి 14 ఏళ్లు. మా ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. మూడేళ్ల కిందట మా ఆయన చెన్నై నుంచి ఆఫ్రికన్ గ్రే చిలుకను తెచ్చారు. పేరు చిట్టి. అదంటే నాకు ప్రాణం. ఏడాదిగా అది అచ్చం మా ఆయన గొంతుతో ‘ఏమే మొద్దూ, ఆడ చచ్చినావా?’ అని అరుస్తోంది. మా అత్తగారికి అది విన్నప్పుడల్లా నవ్వే. సంక్రాంతికి వచ్చిన మా అన్న కూడా విన్నాడు. టీవీలో విని నేర్చుకుందని సర్దిచెప్పాను. అప్పట్నుంచి ఎవరొచ్చినా పంజరం మీద దుప్పటి కప్పి వంటింటి పక్క వసారాలో పెట్టేస్తున్నా. ఇప్పుడేమో ఛాతీ మీద ఈకలు పీక్కుంటోంది. మా ఆయన ‘దాని నోరు మూయించు, లేదంటే గుంటల కాడ కాపలావాడికి ఇచ్చేస్తా’ అంటున్నారు. మొన్న మా చిన్నోడు కూడా ఆటకు నన్ను అట్లాగే పిలిచాడు. చిలుక ఆ మాట మరిచిపోవాలంటే ఏం చేయాలి? ఇంటి పరువు పోతోంది.

జవాబు: మరిచిపోదమ్మా. మీరడిగిన దానికి ఇంతకంటే జవాబు లేదు. గ్రే చిలుక ఒకసారి పట్టుకున్న మాట ఏళ్ల తరబడి దాని గొంతులో ఉండిపోతుంది. బాగా చూసుకుంటే 40, 50 ఏళ్లు బతికే పక్షి అది. రేపు మీ పాపకు సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకూ మీ ఆయన గొంతే వినిపిస్తుంది.

మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. చిలుక మీద ఫిర్యాదు ఉంది. నవ్వుతారని అత్తగారి మీద ఉంది. ఆ మాట అన్న మనిషి మీద ఒక్క ముక్క లేదు. పక్షి పలికినందుకు మీకు సిగ్గేసింది గానీ, 14 ఏళ్లుగా ఆ మాట పడుతున్నందుకు మనసు ఎంత నొచ్చుకుందో మీరు రాయలేదు. ‘ఏమే’ అని పిలవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన జిల్లాల్లో అది చనువుగా పిలుచుకునే పిలుపే. ‘మొద్దు’, ‘చచ్చినావా’ అనేవి చనువు మాటలు కావు.

రోజూ మీ ఇంట్లో వేల మాటలు వినపడుతుంటే చిట్టి ఆ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకుంది? గ్రేలు గుంపులో బతికే పక్షులు. తనవాళ్లను పిలవాలి, వాళ్లు తిరిగి పలకాలి, అప్పుడే వాటికి ధైర్యం. ఏ చప్పుడుకు ఎవరు వస్తారా అని కనిపెట్టుకుని ఉంటాయి. మీ ఇంట్లో ఒక గొంతు ‘ఏమే మొద్దూ’ అంటుంది. మీరు పొయ్యి తగ్గించి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ వస్తారు. పిలిచిన ప్రతిసారీ వస్తారు. పంజరంలోంచి అది చూసింది ఇదే. దానికి అది తిట్టని తెలియదు. మీ పేరే అదనుకుంటోంది. మీరంటే ఇష్టం గనకే అన్నిసార్లు పిలుస్తోంది.

అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో ఒక దుకాణంలో ఆలెక్స్ అనే గ్రే చిలుకను కొని, 2007లో అది చనిపోయేదాకా పాఠాలు చెప్పారు. రంగులు, ఆకారాలు, అంకెలు నేర్పారు. ఆమె పద్ధతి ఏమిటంటే, పక్షి ఎదుట ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒకరు వస్తువు చూపించి పేరు అడుగుతారు, రెండోవారు సరిగ్గా చెబితే ఆ వస్తువే వాళ్ల చేతికి వస్తుంది. పక్షి అది చూసి తానూ చెప్పబోతుంది. మీ హాల్లో జరిగింది సరిగ్గా ఇదే పాఠం. మీ ఆయన మాట అన్నారు, ఆయనకు మీరు దొరికారు. చిట్టి చూసి నేర్చుకుంది. పక్కనే కూర్చుని మీ చిన్నోడూ చూశాడు. ‘ఆటకు’ అని రాశారు. ఎనిమిదేళ్ల పిల్లకాయకు ఇవాళ అది ఆటే. అలవాటైతే రేపు ఇంకో ఇంటి ఆడపిల్లను కూడా అట్లాగే పిలుస్తాడు.

కాబట్టి ముగ్గురికీ మందు ఒకటే. ఆ పిలుపుకు మీరు రాకూడదు.

ముందు చిట్టి సంగతి. అది ఆ మాట అనగానే దానివైపు చూడకండి, ‘ఛీ’ అనకండి, నవ్వకండి, నీళ్లు చల్లకండి, పంజరం తట్టకండి. కసురుకున్నా దానికి మీరు పలికినట్టే. అత్తగారి నవ్వు అన్నింటికంటే పెద్ద బహుమతి. ఆమె దగ్గర కూర్చుని, ‘నవ్వొస్తే పక్క గదిలోకి వెళ్లి నవ్వండి అత్తయ్యా’ అని నెమ్మదిగానే గానీ గట్టిగా చెప్పండి. మొదటి వారం పది రోజులు అది ఇంకా పెద్దగా, ఇంకా ఎక్కువసార్లు అరుస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే ఓడిపోతారు. భరించలేక ఒక్కసారి వెళ్లారా, గట్టిగా అరిస్తే వస్తారని నేర్చుకుంటుంది. అప్పుడప్పుడూ పలికితే ఎప్పుడూ పలికినదానికంటే మొండి అలవాటు అవుతుంది.

దానితోపాటే కొత్త పిలుపు నేర్పాలి, అది మీ పేరు. నేర్పాల్సింది మీ ఆయన. గ్రేలు ఎక్కువగా పలికేది తెల్లవారాక, పొద్దు వాలేముందు. ఆ రెండు పూటలా పది పది నిమిషాలు చాలు. మీరు పక్క గదిలో ఉండండి. మీ ఆయన పంజరం ఎదుట కూర్చుని ‘అమ్మ పేరేంటి?’ అని పాపను అడగాలి. పాప మీ పేరు చెప్పగానే మీరు నవ్వుతూ లోపలికి రావాలి. తర్వాత వంతులు మార్చి పాప అడగాలి, ఆయన చెప్పాలి. చిన్నోణ్ణీ కూర్చోబెట్టండి. చిట్టి సగం సగంగా పలికినా పరుగున వచ్చేయండి. ఇక్కడ బాదం ముక్కలు వద్దు, బహుమతి మీరే. ఈల వేసినా, కుక్కర్ కూత పెట్టినా బదులు పలకండి. వారాలు గడిచేకొద్దీ పాత మాట తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఇంట్లో ఎవరు ఒక్కసారి ఆ మాట అన్నా మళ్లీ అందుకుంటుంది.

ఈకల విషయం ఆలస్యం చేయకండి. జబ్బు వల్ల పీక్కుంటోందా, దిగులు వల్లా అన్నది పక్షులు చూసే డాక్టరే తేల్చాలి. మీకు రైలు సౌకర్యం ఉంది కాబట్టి చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోపు దుప్పటి పగలు కప్పడం మానేసి పంజరాన్ని మళ్లీ హాల్లో గోడ వారగా పెట్టండి. రాత్రిపూట చీకటిలో 10, 12 గంటల సేపు నిద్ర కావాలి, పగలు మనుషుల మధ్య ఉండాలి. వంటింటి పక్కన అసలు వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు నిమిషాల్లో చనిపోయే ప్రాణులవి. కొరకడానికి మందు కొట్టని జామ కొమ్మలు, కొబ్బరి పీచు ఇవ్వండి. పొద్దుతిరుగుడు గింజలే పెడుతుంటే మార్చండి. వాటిలో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ. గ్రేలకు కాల్షియం తగ్గితే ఫిట్స్ వస్తాయి. పక్షుల కోసమే అమ్మే గుళికల (పెల్లెట్) మేత అలవాటు చేస్తూ మునగాకు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప పెట్టండి. మేత ఒక్కరోజులో మార్చకండి, రెండు మూడు వారాలు పట్టనివ్వండి. వేరుశనక్కాయలు వద్దు, వాటికి పట్టే బూజు ఊపిరితిత్తుల మీద పడుతుంది. కాఫీ, చాక్లెట్, ఉల్లి, అవకాడో విషం. రోజూ ఉదయపు ఎండ అరగంట తగలాలి, సగం పంజరం మాత్రం నీడలో ఉండాలి. రోహిణి కార్తెలో మీ ఊరి ఎండకు వసారాలో వదిలితే దక్కదు.

కాపలావాడికి ఇచ్చేస్తానంటున్నారు కదా, అలా కుదరదని చెప్పండి. అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి నిషేధం ఉన్న జాతి అది. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేతులు మారితే అదీ తెలపాలి. నమోదు కాకపోతే ముందు ఆ పని చూడమనండి.

ఇక మీ ఆయన. అందరి ముందూ వద్దు. పిల్లలు పడుకున్నాక ఒక్కసారి చెప్పండి: ‘నన్ను పేరుతో పిలిస్తే వస్తాను. ఆ మాటతో పిలిస్తే రాను.’ అంతకంటే వాదించకండి, పాత లెక్కలు తవ్వకండి. మరునాడు ఆయన పాత అలవాటుగా అరుస్తారు. మీ చేతిలో పని మీరు చేసుకుంటూ ఉండండి. కాఫీ చల్లారితే చల్లారనివ్వండి. చిట్టి లాగే ఆయనా మొదటి పది రోజులు గొంతు పెంచుతారు. పేరుతో పిలిచిన క్షణం మామూలుగా, ముఖం మాడ్చుకోకుండా వెళ్లండి. ఇది భర్తను ఎదిరించడం కాదు. ఇంటి ఇల్లాలికి ఆ మాత్రం మర్యాద దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే గొంతుతోపాటు ఆయన చేయి కూడా లేస్తుందన్న భయం మీకు ఏ మూలైనా ఉంటే ఈ పని ఒంటరిగా మొదలుపెట్టకండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం కింద అవమానించడం, పేర్లు పెట్టి తిట్టడం కూడా హింసే.

మీ అన్నకు ఇవాళే ఫోన్ చేయండి. ఆ మాట టీవీది కాదని చెప్పండి. ఆయనకు ఆ రోజే తెలిసే ఉంటుంది, మీరు ఎప్పుడు చెబుతారా అని చూస్తూ ఉండి ఉంటాడు.