నాన్న రాసుకున్నది చదవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది

ఇంట్లో ఫొటోలు, పెద్దవాళ్ల రాతలు అన్నీ స్కాన్ చేసి హార్డ్‌డిస్క్‌లో పెట్టాను, 50 ఏళ్లు పోయాక మనవలకి అందుతాయా, ఏ డిస్క్ కొంటే మంచిది అని కదా మీరు అడిగింది. ఏ డిస్క్ కొన్నా అదొక్కటే 50 ఏళ్లు కాపాడుతుందని నమ్మకండి. కొని బీరువాలో పెట్టి తాళం వేశాక ఏమవుతుందో మా ఇంట్లో చూశాను, అది చెప్తా.

మా నాన్న రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని తన చిన్నప్పటి సంగతులన్నీ తెలుగులో టైప్ చేసుకున్నారు. రెండు వేళ్లతోనే, రోజుకి అర పేజీ. 2003లో అదంతా మూడు సీడీలకి ఎక్కించి, స్కెచ్ పెన్నుతో "నా సంగతులు" అని రాసి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందిలే అని మూడూ ఒకే కవర్లో పెట్టారు. ఒకే కవరు, ఒకే బీరువా, ఒకే ఎండ. ఆయన పోయిన చాలా ఏళ్లకి మా చెల్లి అడిగితే గానీ నేను ఆ కవరు తీయలేదు, తప్పు నాదే. అప్పటికి నా ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు, డ్రైవ్ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నా. మొదటి సీడీ గరగరమని తిరగడం తప్ప ఏమీ చెప్పలేదు. రెండోది లైటుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో మెరిసే పొర లేచిపోయి సూది గుచ్చినట్టు చుక్కలు చుక్కలుగా వెలుతురు కనపడింది. మనం ఇంట్లో రాసే సీడీలో డేటా ఉండేది రంగు పొరలో, వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది, కొన్నప్పుడు ఆ ముక్క ఎవడూ చెప్పడు.

మూడోది తెరుచుకుంది. 14 ఫైళ్లు. ఎగిరి గంతేసి మొదటిది తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలిపి రుబ్బినట్టు ఉంది. ఒక్క తెలుగక్షరం లేదు! అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి యూనికోడ్, అందులో తెలుగు 1991 నుంచే ఉంది గానీ మామూలు జనం కంప్యూటర్లలోకి అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆలోపు ఒక్కో కంపెనీ ఒక్కో ఫాంట్ చేసుకుని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన తలకట్లు, కొమ్ములు, ఒత్తులు కూర్చోబెట్టేసింది. ఆ ఫాంట్ ఉన్నంతవరకే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. ఆ ఫాంట్ కోసం తెలిసినవాళ్లందర్నీ అడిగి అడిగి చివరికి మా బావ అటక మీద పడేసిన పాత కంప్యూటర్లో దొరికింది. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే సగం ఒత్తులు పక్కింటికి పోయాయి, "వచ్చింది" అన్నచోటల్లా "వచిచ్ంది". 112 పేజీలు కూర్చుని చేత్తో దిద్దాను.

ఇది మా ఇంటి కర్మే అనుకోకండి. 1986లో బీబీసీ వాళ్లు బ్రిటన్ దేశం సంగతులన్నీ, బడిపిల్లల రాతలతో సహా, లేజర్‌డిస్కులనే పళ్లేలంతేసి సీడీల్లాంటి వాటి మీదకి ఎక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే మెషీన్లు దొరకడమే గగనమైంది. దేన్ని తలుచుకుని అది చేశారో ఆ 1086 నాటి తోలు పుస్తకం, డూమ్స్‌డే బుక్ అనే ఇంగ్లండు భూముల లెక్కల పుస్తకం మాత్రం ఇప్పటికీ తెరిచి చదువుకోవచ్చు. తాటాకు గ్రంథాలు మాత్రం ఊరికే మిగిలాయా, ఆకు పాడవకముందే ఎవరో ఒకరు కూర్చుని ఇంకో ఆకు మీద రాశారు కాబట్టి మిగిలాయి.

క్లౌడ్‌లో పెడతాం అంటారు. మైస్పేస్ అని ఫేస్‌బుక్ లాంటి సైటులో జనం 2015 దాకా పెట్టుకున్న పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. గూగుల్ అకౌంట్ రెండేళ్లు ముట్టుకోకపోతే తీసేయొచ్చని వాళ్ల రూల్లోనే ఉంది, మరి మనిషి పోయాక లాగిన్ అయ్యేదెవరు? ఇక ఫొటోలన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి కదా అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, ఏ రోజు తీశారో ఆ వివరం కూడా రాలిపోతుంది, తర్వాత పెళ్లి ఫొటో ఏ ఏడుదో అని ఇంట్లో కొట్టుకోవడమే.

నేనిప్పుడు చేసేది చెప్తా. రాతలన్నీ యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి. మొత్తం ఒక కాపీ నా దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చెల్లి దగ్గర. పెన్‌డ్రైవ్‌ని నమ్మను, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడుంటే అందులోది చెరిగిపోవచ్చు. ప్రతి మూడేళ్లకీ కొత్త డిస్క్‌లోకి ఎక్కించి, ఎక్కించాక తెరిచి చూస్తాను, ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ తెరిచి చూడటమే. ఫొటోలకైతే ఫైలు పేర్లోనే ఎవరెవరు, ఏ ఏడాది అని రాసేయండి, పేరు లేని ఫొటో మీ మనవడికి ఎవరో ముసలాయన అంతే.

అన్నట్టు పాత కాగితాలు సర్దుతుంటే నాన్న ఒకసారి తీయించుకున్న ప్రింటు కూడా దొరికింది, పసుపెక్కింది, పిన్ను తుప్పు పట్టింది, కానీ ఫాంటూ వద్దు డ్రైవూ వద్దు. పదకొండు రోజులు కుస్తీ పట్టాక దొరికింది, ముందే దొరికుంటే ఎంత బావుండేదో. ఫైల్లో 61వ పేజీలో నేను "మామ" అని దిద్దిన మాట "మామ్మ" అని మా చెల్లి ఇప్పటికీ వాదిస్తుంది. ప్రింటులో చూద్దామంటే సరిగ్గా ఆ లైను మీదే నీళ్ల మరక.